శనివారం లోపల రాజీనామా

ముందే ఒప్పుకుంటున్నాను. గోరంతను కొండంత చేయడం నాకు అలవాటు. మా గోదావరిఖనిలో ఓపెన్‌కాస్టు బొగ్గు గని తవ్వి పోసిన మట్టి గుట్టలు కూడా నా మాటలంత వేగంగా పెరగలేదు. కనుక ఇందులో సగం కోసేసి చదువుకోవచ్చు. ఒకచోట మాత్రం పెంచడం కాదు, పూర్తిగా కల్పించాను. అదేదో చివర చెబుతాను.

గనులన్నిటికీ ఈ-మెయిలు వచ్చిన ఏడాది, జూన్ మొదటి వారంలో, నన్ను రామగుండం ఏరియా ఆఫీసు కంప్యూటర్ సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంటుగా వేశారు. ఆ ఎండకు కీబోర్డు మీది అక్షరాలు కరిగి పక్క అక్షరాల మీదికి జారేవి. నా పనుల్లో ఒకటి ఏ ఉత్తర్వులోనూ రాసి లేదు: ఒకరి నుంచి ఒకరికి ఫార్వర్డై వచ్చే భయంకరమైన మెయిళ్ళలో ఏది నిజమో, ఏది పుకారో తేల్చడం. రెండు సెల్‌ఫోన్ల మధ్య గుడ్డు పెడితే ఉడుకుతుందని ఒకటి వచ్చింది. ఆఫీసు డాబా మీద పరీక్ష పెట్టాను. ఉడికింది. ఫోన్లు తీసేసి ఇంకోటి పెట్టాను. అదీ ఉడికింది.

మా బొగ్గు కంపెనీ పేరుతో వచ్చేవాటికి పద్ధతి వేరు. ప్రతి సర్క్యులర్‌కూ ఒక నంబరుంటుంది. కొత్తగూడెం హెడ్డాఫీసు డిస్పాచ్ రిజిస్టరులో అది నమోదవుతుంది. ఫోను చేస్తే చూసి చెబుతారు. అంతకంటే గట్టి గుర్తు అడుగున ఉండే నకళ్ళ జాబితా. జనరల్ మేనేజర్ల నుంచి గని నోటీసు బోర్డు దాకా ఆ కాగితం ఎవరెవరికి వెళ్ళిందో అందులో ఉంటుంది. మా దగ్గర టీ కప్పులు మార్చాలన్నా పదిహేడు నకళ్ళు. సంతకం లేని సర్క్యులర్‌నైనా నమ్ముతాను కానీ, నకళ్ళ జాబితా లేనిదాన్ని నమ్మను.

ఒక శుక్రవారం, మొదటి షిఫ్టు ముగియగానే కొమురయ్య కాక వచ్చాడు. మేం బాయి అని పిలిచే గనిలో, కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే టింబర్‌మన్. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు అయింది, ఇంకో నాలుగేళ్ళు ఉంది. స్నానం కూడా చేయకుండా వచ్చాడు; ఆయన లేచాక ఆ కుర్చీలోంచి ఒక టబ్బు బొగ్గు ఎత్తాం. చేతిలో ప్రింటు తీసిన మెయిలు. వచ్చే నెల నుంచి కార్మికుల పిల్లలకు వారసత్వ ఉద్యోగాలు రద్దని, ఈ శనివారం లోపల రాజీనామా చేసినవారి పిల్లలకే నౌకరీ అని అందులో ఉంది.

ఆయన అడిగింది దాని నిజానిజాల గురించి కాదు. కూతురు లావణ్య డిప్లొమా సర్టిఫికెట్లు ఎప్పుడు తేవాలని.

"రాజీనామ పొద్దుగాల్నే ఇచ్చిన సారూ. బాయి దిగేటప్పుడు ఆఫీసు టేబుల్ మీద పెట్టి పోయిన."

కాగితం అడుగు చూశాను. నకళ్ళ జాబితా లేదు. కొత్తగూడేనికి ఫోను చేశాను. ఆ నంబరు చీపుర్ల కొనుగోలు ఉత్తర్వుదట. ఆ రాజీనామాను అంగీకరిస్తే కాక నౌకరీ పోతుంది, లావణ్యకు ఏదీ రాదు.

ఇది ఎక్కడ పుట్టిందా అని కంప్యూటర్లో అదే మెయిలు తెరిచి, ఫార్వర్డుల తోక పట్టుకుని వెనక్కి నడిచాను. కాక గని నుంచి నస్పూరు, నస్పూరు నుంచి శ్రీరాంపూరు. అలా పదకొండో చేతి దగ్గర ఆగాను. అది నా చెయ్యే. సోమవారం శ్రీరాంపూర్‌లోని ఒక మిత్రుడికి ఈ మెయిలే జతచేసి, ఇది నిజమేనా అని అడిగాను; జవాబు రాక, ఆ సంగతే మరిచిపోయాను. దారిలో ఎవరో ఆ ప్రశ్నను చెరిపేశారు. ప్రతి మెయిలు అడుగునా కంప్యూటర్ తనంతట తాను చేర్చే నా పేరు, హోదా, ఆఫీసు పేరు మాత్రం మిగిలాయి. ఊరూపేరూ లేని పుకారుకు నేనే ఒక అధికారిని కుదిర్చాను.

కాకను స్కూటరెక్కించుకుని గనికి బయల్దేరాను. ఆ వేగానికి ఎదురొచ్చిన బొగ్గు లారీలు పక్కకు తప్పుకున్నాయి. వెనక నుంచి కాక అన్నాడు: "నిమ్మలంగ పోనియ్యి సారూ. నౌకరి పోతే పోయింది, కాళ్ళన్న ఉండనియ్యి."

గని ఆఫీసులో వచ్చిన కాగితాలు తీసుకునే గుమాస్తా రాజేశం. ఆయన ఏ కాగితానికీ అప్పటికప్పుడు ముద్ర వేయడు. సాయంత్రం నాలుగింటికి అన్నిటికీ ఒకేసారి వేస్తాడు. మేం వెళ్ళేసరికి నాలుగుకు ఐదు నిమిషాలు తక్కువ. ఇంకు ప్యాడు తడిపి ఉంది. సంగతి విని, కట్టలోంచి రాజీనామా లాగి ఇచ్చాడు.

"ముద్ర పడ్డదంటె కాయితం కంపెనీది కాకా. పడకముందు నీదే. జల్ది తీస్కపో."

కాక దాన్ని నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో దాచుకున్నాడు. మరి బిడ్డ సంగతేమిటని అడిగాడు. పాత నిబంధన అలాగే ఉందని, దానికి దారి, ఆరోగ్యం చెడి ఇక పని చేయలేడని మెడికల్ బోర్డు తేల్చడమే గాని రాజీనామా కాదని చెప్పాను.

ఖండిస్తూ అందరికీ ఇంకో మెయిలు పంపుతానంటే రాజేశం దండం పెట్టాడు. ల్యాంపురూము కిటికీకి నోటీసు అంటించమన్నాడు. బాయి దిగే ప్రతి మనిషీ టోపీ లైటు కోసం అక్కడ నిలబడాల్సిందే. జనరల్ మేనేజర్ సంతకంతో, పదిహేడు నకళ్ళ జాబితాతో అన్ని గనుల్లోనూ అంటించాం. మర్నాటికి పుకారు ఆగింది. దాన్ని మొదట పుట్టించిందెవరో మాత్రం ఇప్పటికీ తెలియదు.

నేను నేర్చుకున్నది ఇది: ఒక మెయిలు నిజమా కాదా అని అడగాలంటే ఫోనులో అడగాలి. దాన్నే జతచేసి పంపితే దారిలో ప్రశ్న రాలిపోతుంది, పుకారు చేరుతుంది. రిటైరయ్యేదాకా ఈ నియమం తప్పలేదు.

ఇక మాట ఇచ్చిన ప్రకారం. కీబోర్డు, చీపుర్లు, టబ్బు బొగ్గు పెంచినవి. గుడ్డు నిజం. కల్పించింది, పదకొండు చేతులు దాటి వెనక్కి నడిచిన నా పరిశోధన. నేను ఎక్కడికీ నడవలేదు. నకళ్ళ జాబితా కోసం వెతికిన కళ్ళకు అక్కడే ఉన్న నా పేరు కనబడలేదు. ఇట్లాంటి దాన్ని ఎట్లా నమ్మావని నేను కాకను గదమాయిస్తుంటే, ఆయన తన మసి వేలు ఆ కాగితం అడుగున ఆనించాడు.

"నిన్ను జూసే నమ్మిన సారూ. గిది నీ పేరు గాదా?"