పాఠం అప్పజెప్పని పిల్ల

ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు. మేడ్చల్ చర్చి బడిలో నాలుగో తరగతి చదివేటప్పుడు, పంతులమ్మ నన్ను ఒక్కసారన్నా కొడితే బాగుండునని కోరుకునేదాన్ని.

దెబ్బలు తిన్నవాళ్లతో ఆమె మాట్లాడేది. బెత్తం పక్కన పెట్టి, "ఏడ్వకురా, పోయి నీళ్లు తాగిరా" అనేది. నాతో అనడానికి ఆమెకు ఏమీ ఉండేది కాదు.

ఒకటే గది, నాలుగు తరగతులు, ఒక్క పంతులమ్మ. రోజూ మధ్యాహ్నం ఒక్కొక్కరం ఆమె స్టూలు దగ్గరికి పోయి పాఠం చదివి అప్పజెప్పాలి. రానివాళ్లతోనే పొద్దు గడిచిపోయేది. నా వంతు వచ్చేసరికి, "నీకు వస్తది గదా బిడ్డా. జర గా చిన్నోల్లను చూస్కో" అనేది. నేను వాళ్లను వసారాలో కూర్చోబెట్టి, అల్లరి చేయకుండా నా వాచకంలోని కథలు చదివి వినిపించేదాన్ని. అట్లా ఏడాది గడిచింది. నేను చదవగా ఆమె ఒక్కనాడూ వినలేదు.

ఎండాకాలం ముందు సికింద్రాబాదు నుంచి ఒక అమ్మగారు తనిఖీకి వస్తారన్నారు. ఆమె ముందు బాగా చదివిన పిల్లను అల్వాల్ బోర్డింగు బడిలో చేర్చుకుంటారు. నాయిన స్టేషన్‌లో హమాలీ. ఆ చోటు దొరక్కపోతే నా చదువు నాలుగుతో సరి. చదవబోయే ముగ్గురి పేర్లు పంతులమ్మ చెప్పింది. నాది లేదు. అడుగుదామని స్టూలు దాకా పోయి, కింద పడ్డ సుద్దముక్కలు ఏరి పెట్టి వచ్చాను.

"అడిగినవా?" అంది ఇంట్లో అవ్వ.

"లే."

"నోట్లె బెల్లంగడ్డ వెట్టుకున్నవా ఏందే?"

తనిఖీ రోజు ముగ్గురూ చదివారు. ఇద్దరు మధ్యలో ఆగిపోయారు. తర్వాత ఆ అమ్మగారు వసారాలోకి వచ్చి, నా పక్కనున్న ఐదేళ్ల పిల్లను "నీకేం వచ్చమ్మా?" అని అడిగారు. అది చేతులు కట్టుకుని, నా వాచకంలోని నక్క కథ మొత్తం గడగడా చెప్పేసింది.

"గా కత నాలుగో తరగతిది! నీకెవలు జెప్పిన్రే?" అంది పంతులమ్మ.

"అక్క. రోజు జెప్తది. నక్క లెక్క గూడ అరుస్తది."

అందరూ నవ్వారు. నాకు గోడలోకి దూరిపోవాలనిపించింది. పంతులమ్మ మాత్రం నవ్వలేదు.

"నిన్ను నేనెన్నడన్న చదివిచ్చిన్నా, బిడ్డా?"

"లేదమ్మా."

ఆమె వాచకం తెచ్చి నా చేతిలో పెట్టింది. మొదటి వరుసలోనే ఒక మాట దగ్గర ఆగిపోయాను. పక్కనుంచి ఆ చిన్నది మెల్లగా తర్వాతి మాట అందించింది. ఇక ఆఖరు దాకా ఆగలేదు.

బళ్లు తెరిచే రోజుల్లో నాయిన నా రేకుపెట్టె అల్వాల్ పోయే రైల్లో పెడుతుంటే, పంతులమ్మ చెమటలు తుడుచుకుంటూ స్టేషన్‌కు వచ్చింది. ఆ తర్వాత మళ్లీ ఆమెను చూడలేదు. ఆ చలికాలమే వేరే ఊరికి మారిపోయిందట. ఆ రోజు రైలు కదులుతుంటే కిటికీ చువ్వ పట్టుకుని నాలుగడుగులు నడిచింది.

"ఆకలైతె ఆకలైతాందని చెప్పు, బిడ్డా. సమజ్ గాకపోతె గాలేదని చెప్పు. ఎవ్వలడగకున్నా చెప్పు."