అట్ట నవ్వదు

ఇప్పటికీ కరెంటు పోయి యూపీఎస్ కీచుమంటే నా చెవులు వేడెక్కుతాయి. కోరుట్లలోని మా బట్టల దుకాణంలో బిల్లు కొడుతున్నవాణ్ని ఒక్క క్షణం ఆగిపోతాను. జగిత్యాల కాలేజీలోని కంప్యూటర్ ల్యాబులోనూ అవి ఇలాగే అరిచేవి. ఆ వెంటనే మాకు కంప్యూటర్స్ చెప్పిన సుల్తానా మేడం గుర్తుకొస్తారు.

డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకునే నాటికి నేను కంప్యూటర్‌ను ముట్టి ఎరుగను. మొదటి ల్యాబులో, పొద్దున్నే గల్లాపెట్టెకు మొక్కే అలవాటు కొద్దీ కీబోర్డును తాకి కళ్లకద్దుకున్నాను. వెనక నుంచి ఎవడో "సేటూ, బోణీ అయ్యిందా?" అన్నాడు. గది గదంతా నవ్వింది. అప్పటినుంచి ల్యాబులో నా చేతులు జేబులు దాటలేదు. దుకాణం బుద్ధి ఊరుకుంటుందా? పక్కవాడికి చాయ్ తాగిస్తానని ఒప్పించి నా ప్రోగ్రాములు వాడితో కొట్టించేవాణ్ని. మేడం సిరిసిల్ల మనిషి, కళ్లు చురుకు. ఓ రోజు నా కుర్చీ వెనక నిలబడి, "ఏం బేటా, చేతులకు సలి వెడ్తుందా?" అని అడిగారు.

"ఇయ్యాల ఇడ్సిపెట్టున్రి మేడం. రేపు రెండు ప్రోగ్రాములు చేస్త."

"గిది మీ దుకాణమా, బేరమాడుతున్నవ్? పరీక్షల చాయ్ తాగినోడు రాడు. నువ్వే కూసోవాలె."

పరీక్ష తప్పితే చదువు మాన్పించి దుకాణంలో కూర్చోబెడతారని నాకు తెలుసు. అంతలో తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. బంద్ అంటే ల్యాబు ఉండదు. ఊరేగింపులో అందరికన్నా ముందు నేనే, "జై తెలంగాణ" అని గొంతు చించుకునేవాణ్ని. పక్కవాళ్ల కళ్లలో నీళ్లుండేవి. నాకేమో ఈ వారం కూడా కీబోర్డు తప్పిందన్న సంబరం. రాష్ట్రం రాకముందే నాకు విముక్తి దొరికింది.

వంటావార్పు రోజున నడిరోడ్డు మీద పొయ్యిలు వెలిగాయి. లెక్చరర్లూ వచ్చి కూర్చున్నారు. మేడం నన్ను పిలిచి, సంచిలోంచి ఒక అట్టముక్క తీసిచ్చారు. చీరల పెట్టెది. దాని మీద స్కెచ్ పెన్నుతో కీబోర్డు గీసి ఉంది.

"ల్యాబు ఎప్పుడు తెరుస్తరో ఏమో. గీ అట్ట మీద నేర్సుకో. నీ గొంతైతే మంచిగుంది, వేళ్లెట్లున్నయో సూద్దాం."

"ఉత్త అట్ట మీదనా మేడం? అక్షరం పడ్డదో లేదో ఎట్ల తెలుస్తది?"

"మా అబ్బ సాంచెల మీద, గవే కరెంటు మగ్గాల మీద, బట్ట నేసేటోడు. కరెంటు పోయి చీకటైనా తెగిన పోగును చేతితోనే దొరకబట్టేటోడు. వేళ్లకు తెలుస్తది బేటా. ఇంకోటి, అట్ట నవ్వది."

అట్టను ఒళ్లో బోర్లించుకుని విస్తరి ముందు కూర్చున్నాను. మొదటి రోజు నవ్వును ఆమె మరిచిపోలేదు. నేను దేనికోసం అరుస్తున్నానో కూడా ఆమెకు తెలుసు. అయినా నలుగురిలో ఒక్క మాట అనలేదు. అనుంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ని. ఆ తర్వాత రూములో తలుపేసుకుని అట్ట మీద వేళ్లు ఆడించాను. ఊరేగింపులకూ పోయాను గాని, ముందు వరుసలో నిలబడడానికి మొహం చెల్లలేదు.

ల్యాబు తెరిచాక మేడం మళ్లీ నా వెనకే నిలబడ్డారు. నేను ప్రోగ్రాం కొడుతుంటే తెర వైపు చూడలేదు, నా వేళ్లనే చూశారు. తప్పులు బోలెడు. అయినా చేతులు జేబుల్లోకి పోలేదు. చివరికి వంగి, నాకొక్కడికే వినబడేలా అడిగారు. "ఇగ బంద్ కోసం ఎదురు సూడవు గదా, బేటా?"

"సూడ మేడం" అన్నాను. బేరమాడకుండా నేను ఒప్పుకున్న మొదటి మాట అదే.

పరీక్ష గట్టెక్కాను, రాష్ట్రమూ వచ్చింది. ఇప్పుడు కరెంటు పోయినా నా వేళ్లు గాజు కౌంటరు మీద ఆడుతూనే ఉంటాయి. కానీ దుకాణం ముందు నుంచి ఏ ఊరేగింపు పోయినా, జై కొట్టే ముందు నా చేతులు మళ్లీ జేబుల్లో దాక్కున్నాయేమోనని ఒకసారి చూసుకుంటాను.