చూసి తుడిచేసిన ఉప్పు

పిఠాపురం శివార్లలో అమ్మిరాజు షెడ్డుకు బోర్డు లేదు. ముప్పై ఏళ్లుగా డీజిలు బండ్లు విప్పుతున్నవాడికి బోర్డెందుకని ఆయన ఉద్దేశం. గీర మనిషే గాని, ఆ గీర ఊరికే వచ్చింది కాదు. బండి తెచ్చినవాళ్లు చెప్పేది ఆయన చివర్న వింటాడు, ముందు ఇంజనును చెప్పనివ్వాలంటాడు. ఎవరైనా కథ మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపి, టీ తాగి రమ్మని పంపేస్తాడు.

ఆ బుధవారం ఉప్పాడ నుంచి పెద్దింట్లమ్మ పికప్పు బండి, ట్రాక్టరు వెనక తాడు కట్టించుకుని వచ్చింది. ఒడ్డున చేపలు కొని రాజమండ్రి మార్కెట్టుకు పంపే వ్యాపారం ఆమెది. మొగుడు పోయాక ఆ బండి మీదే నిలదొక్కుకుంది. ముందురోజు పొద్దున్న చేపల పెట్టెలతో వెళ్తుండగా పెద్ద చప్పుడుతో ఇంజను ఆగిపోయి, లోపల మిగిలిన ఆయిలు రోడ్డు పాలైంది. డ్రైవరు వీరబాబు ఇంజనాయిలు తీసి అమ్ముకున్నాడని ఆమె అనుమానం. అనుమానాన్ని మనసులో ఉంచుకోలేదు, చేపల వేలంపాట దగ్గర నలుగురిలో దొంగ అనేసింది. ఆరేళ్లుగా ఆ బండి తోలినవాడు మారు మాట్లాడలేదు. ఇప్పుడు షెడ్డు గుమ్మంలో ఒక పక్క ఆమె, ఒక పక్క అతను, మధ్యలో చచ్చిన బండి. అమ్మిరాజు ఔనన్నాడంటే వీరబాబు చేతికి ఆ ఒడ్డున ఇంకెవరూ తాళం ఇవ్వరు.

అమ్మిరాజు బండి కింద దూరాడు. ఇంజను పక్కన పిడికిలి పట్టేంత బొక్క. లోపలి రాడ్డు విరిగి, గోడ పగలగొట్టుకుని బయటికొచ్చింది. ఆయిలు లేకపోతే ఇలాగే అవుతుంది, కాబట్టి పెద్దింట్లమ్మ మాట కొట్టిపారేయడానికి లేదు. తొందర మనిషైతే అక్కడితో చేతులు దులుపుకునేవాడే. ఆయన మాత్రం పైకొచ్చి, ఆయిలు పోసే మూత తిప్పి చూశాడు. మూత లోపల పాలెక్కువైన కాఫీలా జిడ్డు. ఆయిలు లేక కాదు, ఆయిల్లో నీళ్లు కలిశాయి. అది పల్చబడి, బేరింగులు పట్టేసి, రాడ్డు విరిగింది. మరి నీళ్లెలా దిగాయి?

మధ్యాహ్నానికి ఇంజను పైభాగమంతా విప్పాడు. నీళ్లు తిరిగే దారుల పొడవునా తుప్పు, సిలిండరు గోడకు సూదితో పొడిచినట్టు చిల్లులు. రేడియేటరు అడుగున మిగిలిన నీళ్లలో వేలు ముంచి నాలికకు రాసుకున్నాడు. అది ఆయన పనితీరు. ఉప్పగా ఉన్నాయి.

అప్పుడు వీరబాబును పక్కకు పిలిచి, ఏ నీళ్లు పోస్తున్నారని అడిగాడు. అతను చెప్పింది ఇదీ. సముద్రం ముందుకొచ్చేకొద్దీ పెద్దింట్లమ్మ ఇంటి బోరు ఉప్పెక్కింది. మంచినీళ్లు టిన్నుల్లో వస్తాయి, అవి తాగడానికే చాలవు. పడవను నీళ్లలోకి దించేముందు ఇంటి ఆడమనిషి దాని ముక్కు మీద చెంబెడు నీళ్లు పోసి దండం పెట్టుకోవడం వాళ్లింటి ఆనవాయితీ. పడవ అమ్మి బండి కొన్నాక ఆమె ఆ మర్యాద బండికి జరిపింది. రోజూ తెల్లారగానే బానెట్టుకు బొట్టు పెట్టి, రేడియేటర్లో బోరు నీళ్లు తన చేత్తోనే పోస్తోంది. వారం రోజులుగా బండి నీళ్లు ఎక్కువ లాగేస్తోందని వీరబాబు చెబితే, ఇంకో చెంబు కలిపి పోసింది.

“దండం పెట్టుకుని పోస్తారండి. ఆ నీళ్లు వద్దని ఎలా అనమంటారు?” అన్నాడు వీరబాబు.

అమ్మిరాజుకు వేరే సంగతి గుర్తొచ్చింది. పోయిన ఏడాది ఇదే బండికి రేడియేటరు గొట్టం మార్చాడు. పాత గొట్టం చివర తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. చూశాడు. గుడ్డతో ఆ చోటు తుడిచి, కొత్తది బిగించి పంపించేశాడు. ఏ నీళ్లు పోస్తున్నారమ్మా అని ఒక్క మాట అడగలేదు.

బండికి వయసైపోయిందంటే సరిపోతుంది. ఇరవయ్యేళ్ల బండి, ఎవరూ కాదనరు, ఎవరూ నొచ్చుకోరు. కాని వీరబాబు మీద పడ్డ మాట అలాగే ఉండిపోతుంది. ఆ ఆలోచన వచ్చినందుకే ఆయనకు సిగ్గేసింది.

గ్లాసులో ఆ నీళ్లు పట్టి పెద్దింట్లమ్మ దగ్గరకు తీసుకెళ్లాడు. ఇంజను ఎలా పోయిందో, ఎందుకు పోయిందో ఆమెకు అర్థమయ్యేలా చెప్పాడు. ఆమె రుచి చూడలేదు, చూడక్కర్లేదు. కూర్చున్నచోటే ముడుచుకుపోయి బండివైపు చూసింది.

“నా చేత్తో నేనే చంపుకున్నానన్నమాట.”

“మీరొక్కరే కాదమ్మా. పోయినేడు ఆ ఉప్పు నా కంటపడిందండి. తుడిచేసి ఊరుకున్నాను.”

తిడుతుందనుకున్నాడు, పడదామనే సిద్ధపడ్డాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. వీరబాబు వైపు చూడలేకపోయింది.

“ఆణ్ణి నలుగురిలో దొంగన్నానండి. కాదని ఈ షెడ్డులో చెప్పుకుంటే ఏం సరిపోద్ది? రేపు పాట టైముకి ఒడ్డుకి రండి. నా తప్పు నేను చెప్తాను, మీది మీరు చెప్పండి.”

ముప్పై ఏళ్లలో అమ్మిరాజు తన తప్పు పదిమందిలో ఒప్పుకున్న రోజు లేదు. పైగా ఆ ఒడ్డున తిరిగే బండ్లన్నీ ఆయన దగ్గరకు వచ్చేవే. ఇంటికెళ్లే దారంతా వెళ్లకుండా ఉండేందుకు సాకులు వెతుక్కున్నాడు. ఒకటి రెండు మంచివే దొరికాయి కూడా.

అయినా మర్నాడు వెళ్లాడు. పాట మొదలవకముందే పెద్దింట్లమ్మ చెప్పాల్సింది చెప్పేసింది, ఎక్కడా నీళ్లు నమల్లేదు. జనం అమ్మిరాజు వైపు తిరిగారు. ఆయన వెళ్లి వీరబాబు పక్కన నిలబడ్డాడు.

“ఆ నీళ్లు వద్దని ఇతను చెప్పలేదంటే ఆవిడ మీద గౌరవమండి,” అన్నాడు. “పోయినేడు ఆ ఉప్పు చూసి కూడా నేను అడగలేదంటే నాకు ఆ కారణం కూడా లేదు. అడగలేదు, అంతే.”