గుణదల కొండ మీద అక్క పాట

మట్టిలో ఊపిరి ఊది మనిషిని నిలబెట్టిన సర్వేశ్వరునికి స్తోత్రం. ఆ ఊపిరి ఎంత పెద్ద వరమో మా శాంతమ్మక్కతో గుణదల కొండ ఎక్కిన రోజున తెలిసింది.

కిందటి వానాకాలం అక్కకు న్యుమోనియా చేసింది. బతికితే కొండ మీది సిలువ దగ్గర స్తుతి పాట పాడతానని మొక్కుకుంది. తేరుకున్నాక డాక్టరుగారు రోజూ నడవమన్నారు. ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సుకాలమంతా తెల్లవారుజామునే ఇద్దరం కాలువ గట్టు మీద నడిచాం. అక్క చువ్వలాంటి మనిషి, ముందు సాగిపోయేది. నేను బొజ్జ మోసుకుంటూ వెనకబడేవాణ్ణి.

ఈస్టరయ్యాక ఒకరోజు ఉయ్యూరులో పొద్దున ఆరింటి బస్సెక్కాం. పక్కసీటు రైతు మా సంచిలోని కొవ్వొత్తుల్ని గమనించి, నన్ను ఎగాదిగా చూశాడు.

"మొక్కు తమదాండీ?"

"మా అక్కదండీ. నేను తోడు."

"అయితే తమరికి ఇంకో తోడు కావాలండీ, మొయ్యటానికి."

అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

బెజవాడలో ఇడ్లీ తిని, సిటీ బస్సులో ఎనిమిదిన్నరకు గుణదల చేరాం. మరియమాత గుహ దగ్గర కొవ్వొత్తి వెలిగించి మెట్లెక్కసాగాం. సగం దూరంలో అక్క ముఖం పాలిపోయింది. నాకు చెమట పట్టిందే కాని గుండె నిబ్బరంగానే ఉంది. ఒక తల్లి బిడ్డలం, ఒకే గట్టు మీద నడిచాం. ఆ నడక ఆమె కాళ్లకు వేగమిచ్చింది, నాకు దమ్మిచ్చింది. పైగా మా డెల్టాలో ఎత్తంటే కాలువ గట్టే. ఎక్కటం కూడా సాధన చెయ్యాలని ఇద్దరికీ తట్టలేదు.

"నువ్విక్కడే ఉండక్కా. నేను పైకెళ్లి పాడొస్తా."

"నువ్వు పాడితే... నా మొక్కెట్టా తీరుద్దిరా?"

దిగి వస్తున్న ఒకావిడ, అక్క మెట్టు మీద కూచోబోవటం చూసి ఆగింది. "కూచోమాకమ్మా, మళ్లీ లేవలేవు. నిలబడే ఊపిరి తీసుకో. కొండేమన్నా బస్సా, వెళ్లిపోటానికి?"

మా ఊళ్లో పవిత్ర శుక్రవారం సిలువ మోసేటప్పుడు పాటలో ఒక్కో పంక్తికి ఒక్క అడుగే వేస్తాం. ఆ పాట ఎత్తుకున్నాను. అక్క అడుగు దానికి కుదిరింది. తర్వాత ఊపిరీ కుదిరింది.

సిలువ దగ్గర అక్క పాడింది. రెండో పంక్తిలో ఊపిరి చాలక పాట తెగింది. నేను అందించలేదు. ఆగింది, పీల్చుకుంది, పూర్తిచేసింది.

నాలుగింటి బస్సులో తిరుగు ప్రయాణం. "రేపట్నించి కాలువ లాకుల దగ్గర మెట్లెక్కుదాంరా," అంది అక్క, కిటికీకి తల ఆనించి.

మీరూ వెళ్తే ఎండ ముదరకముందే ఎక్కండి. పక్కవారితో పందెం వద్దు, ఎవరి దేహానికి దేవుడిచ్చిన శక్తి, ఆ తలాంతు, వారిది. ఊపిరికి కష్టపడే మీ ఇంటివారిని తలుచుకుని నాతో ప్రార్థించండి: తండ్రీ, కొండను తగ్గించకపోయినా, వాళ్లతో నిదానంగా పాడే తోడునియ్యి.