పది మూరల ఫుల్

సౌదీ దక్షిణపు కొసన ఉన్న జిజాన్‌లో సాయంత్రంపూట ఏ సందులోకి తిరిగినా మంచుముక్కల మీద పరిచిన ఫుల్ మొగ్గల వాసన (మన మల్లెలే, పేరు వేరు) ముక్కుకు తగులుతుంది. అందరికీ పెళ్లిళ్లు గుర్తొస్తాయేమో, నాకు మాత్రం తలుపులేసిన ఇల్లు గుర్తొస్తుంది.

మాది ప్రొద్దుటూరు దూదేకుల కుటుంబం. నాన్న ఇక్కడ నీళ్ల ట్యాంకర్ నడిపేవాడు. పనికి పెట్టుకున్న కఫీల్ మా ఇకామాలు (ఈ దేశంలో ఉండనిచ్చే కాగితాలు) రెన్యువల్ చేయించకుండా నానబెట్టడంతో, నా తొమ్మిదో ఏట మొదలుకొని రెండేళ్లు అమ్మా నేనూ వీధి గడప దాటలేదు. యెమెన్ సరిహద్దు దగ్గరాయె, రోడ్డుకో చెక్‌పోస్టు. కాగితాల్లేకుండా దొరికితే అంతే సంగతులు. బడి లేదు, పండగ లేదు, కిటికీలోంచి ఎదురు గోడా దానిమీద ఏసీ నీళ్లు కారిన చారా తప్ప చూడ్డానికేం లేదు, కింద పిల్లల బంతి చప్పుడు వింటుంటే ఎంత ఏడుపొచ్చేదో!

ఇంటి యజమానురాలు, ముసలామె ఉమ్ యహ్యా, కింది పెద్దగదిని ఆడవాళ్ల చేతిపనులకు వదిలేసింది. మెట్లు దిగితే చాలు, వీధితో పనిలేదు. యెమెన్ నుంచి వచ్చిన సల్మా పాడుతూ తాటాకు బుట్టలల్లేది, అల్లంవేసిన కాఫీ పొట్టు కషాయం మరుగుతుండేది, మొగలిరేకులూ మరువమూ తడిగుడ్డలో ఘుమఘుమలాడేవి. వాళ్లు మొగ్గల్ని సూదితో గుచ్చేవాళ్లు. పూలంగడి ఇంట పుట్టిన మా అమ్మ, కాలి బొటనవేలికి దారం తగిలించి, రెండేసి మొగ్గలు చకచకా ముడేసేది.

ఒకసారి ఉమ్ యహ్యా తన మనవరాలి పెళ్లిహారం అమ్మనే కట్టమని పది వేళ్లూ చూపించింది. అమ్మ మోచేత్తో సరిగ్గా పది మూరలు కొలిచి దారం తుంచేసింది. పూలను మూరల్లో కాక ఇంకెందులో కొలుస్తాం? వాళ్లకు కావలసింది మెడనుంచి నడుందాకా పది వరసలట! కట్టింది మూడు వరసలకే సరిపోయింది.

“నా మొగం మండ! ఇంతమందిలో తలెట్టా ఎత్తుకోవాల పాపా?” అంది అమ్మ.

సల్మా పగలబడి నవ్వి సూది అందుకుంది. పొద్దుగూకే మగ్రిబ్ నమాజు వేళలోగా గదిలో ఉన్నవాళ్లంతా కూర్చుని, సగం ముళ్లూ సగం గుచ్చులుగా పది వరసలూ పూర్తిచేశారు.

మా అమ్మే వచ్చి తన మెళ్లో వెయ్యాలని పెళ్లికూతురు పట్టుబట్టింది. అమ్మ పట్టుచీర కట్టి, పైన నల్లటి అబాయా వేసుకుని వీధి తలుపుదాకా వెళ్లింది. ఎదురుగా పోలీసు బండి ఆగివుంది. హారాన్ని ఉమ్ యహ్యా చేతుల్లో పెట్టి వెనక్కొచ్చేసింది.

“పూలనైతే కాగితాలడగరులే,” అంటూ మెట్లెక్కింది.

మరుసటేడు ఎగ్జిట్ వీసా దొరికి ఊరికి పోయాం. ఇప్పుడు ఉమ్ యహ్యా లేదు, సల్మా ఎక్కడుందో తెలీదు, ఆ ఇంటిని పడగొట్టి కార్లు నిలుపుతున్నారు. నేను మళ్లీ జిజాన్‌కే వచ్చి, సరిహద్దు ఊళ్ల ఆడవాళ్ల చేతిపనులు నిలబెట్టే కేంద్రంలో ఉద్యోగం చేస్తున్నాను. పోయిన నెల అమ్మను వీసా మీద పిలిపించుకున్నాను, మా కేంద్రంలోని ఆడవాళ్లకు పూలు కట్టడం నేర్పిస్తుందని. నిన్న పాస్‌పోర్టూ వీసా కాగితమూ ఆమె చేతిలోనే పెట్టి, తలుపు తీసి పట్టుకున్నాను. రెండుసార్లు తిరగేసి చూసుకుంది. చెప్పులేసుకుంది కూడా.

“వద్దులే పాపా. వాళ్లనే ఈడికి పిల్చుకోని రా, నేర్పిస్తా,” అని చెప్పులు విడిచేసింది.