గీత మీద పడిన బంతి

మా డ్రిల్లు మాస్టారు పోయారన్న కబురు నాకు ఆయన ఇంటి నుంచి రాలేదు, పంటు నడిపే సరంగు నుంచి వచ్చింది. పోయిన నెల ఓ ఉదయం పేపరు పట్టుకుని కూర్చున్నాను, సెల్ మోగింది.

"మాస్టారండీ, డ్రిల్లు మాస్టారు తెల్లారగట్ల పోయేరండి. మజ్జానం లోపే తీసేస్తారంట. మీరు రేవుకి వచ్చెయ్యండి, పంటు ఆపి ఉంచుతానండి."

"గన్నవరం మీదుగా బస్సులో వస్తాలే" అన్నాను.

"మిమ్మల్ని పంటు మీదే తీసుకురమ్మన్నారండి ఆయన" అని పెట్టేశాడు.

నా నంబరు అతనికి ఎవరిచ్చారో అడగలేదు. పంటంటే రెండు పెద్ద పడవల మీద బల్లలు పరిచి ఇంజను బిగించిందే. మనుషులు, మోటారు సైకిళ్ళు, కొబ్బరి గెలలు అన్నీ దాని మీదే వైనతేయ దాటతాయి. పదేళ్ళ పైమాటగా నేను దాన్ని ఎక్కలేదు. అల్లవరం వైపు నుంచి రాజోలు వైపు పావుగంటలో దాటే ఏటికి, రెండు గంటలు బస్సులో చుట్టూ తిరిగేవాణ్ణి. అడిగినవాళ్ళకి నీళ్ళంటే కళ్ళు తిరుగుతాయని చెప్పేవాణ్ణి. అసలు కారణం చెప్పకుండా ఆయన్ని తలుచుకునే అర్హత నాకు లేదు, అందుకే చెబుతున్నాను.

తొంభైల మొదట్లో రాజోలు వైపు హైస్కూల్లో సైన్సు మాస్టారుగా చేరాను. చేరిన నెలకే టైఫాయిడ్ పట్టుకుంది. ఒంటిగాణ్ణి, వండిపెట్టే దిక్కు లేదు. డ్రిల్లు మాస్టారు ఇరవై రోజులు పొద్దున్నే సైకిలు హ్యాండిలుకి క్యారియరు తగిలించుకుని జావ తెచ్చారు. నా పీరియడ్లు కూడా ఆయనే తీసుకున్నారు. లేచి స్కూలుకి వెళ్ళి, ఏం చెప్పారండీ అంటే, "పరిగెట్టించేనండి. గాలి పీల్చడం కూడా సైన్సే కదండీ" అన్నారు. ఆ జావ రుణం నాకు చివరిదాకా ఉండిపోయింది.

మా వైపు అందరికీ కబడ్డీ, వాలీబాల్ పిచ్చి. ఫుట్‌బాల్ మాత్రం ఆయనొక్కరి పిచ్చి. సరుగుడు వాసాలతో గోలు కట్టించి, పాలడబ్బా అడుగున మేకుతో చిల్లులు పొడిచి, అందులో సున్నం పోసుకుని వంగి వంగి గీతలు గీసేవారు. మైదానం మిగతా గీతలు ఎవరికైనా వదిలేవారు గానీ గోలు గీత మాత్రం పరాయి చేతికి ఇచ్చేవారు కాదు. దాన్ని దక్షిణం వాసం నుంచి ఉత్తరం వాసం దాకా పాదం ముందు పాదం పెట్టి నడిచి చూసుకునేవారు.

ఆటకి గోలు గీత దగ్గర నిలబడే మనిషి కావాలని నన్ను లాక్కెళ్ళారు. "బంతి మొత్తం గీత మొత్తం దాటాలండి. గీత మీద పడితే గోలు కాదు. దాటితే దాటినట్టు, లేకపోతే లేనట్టు. దాటబోయింది అనే మాట మన ఆటలో లేదండి" అని మొదటిరోజే చెప్పారు. ఇంకోటి కూడా చెప్పారు. "గీతకి సూటిగా నిలబడండి. ఓ అడుగు అటైనా ఇటైనా మీ కన్నే మిమ్మల్ని మోసం చేసేస్తది." ఏటవాలుగా చూస్తే స్కేలు మీద ముల్లు జరిగినట్టు కనిపిస్తుందని నేను పదో తరగతికి బోర్డు మీద గీసి చెప్పే పాఠమే అది. దాన్ని పుస్తకం లేకుండా ఎండలో నిలబడి నేర్చుకున్న మనిషి ఆయన.

ఆ ఏడు సార్వా వరి కోతలైన చేలో, అల్లవరం వైపు ఓ ఊళ్ళో, పోటీల ఆఖరి ఆట పెట్టారు. ఆ ఊరి జట్టుకీ మా ఒడ్డు జట్టుకీ మధ్య. చుట్టుపక్కల రూల్సు తెలిసిన మనిషి ఇంకెవరూ లేక రిఫరీగా ఆయన్నే పిలిచారు. మా ఒడ్డు మనిషి అని గొణిగినవాళ్ళు గొణిగారు. సముద్రం మీద పొద్దుటినుంచీ మబ్బు కదలకుండా కూర్చుని ఉంది. గాలి కాస్తయినా లేదు. చేను గట్లనిండా జనం, చేతుల్లో కర్రలున్నాయి. పశువుల్ని తోలుకొచ్చామని చెప్పారు గానీ, నాకు పశువులు కనిపించలేదు.

ఇంకో రెండు మూడు నిమిషాల ఆట ఉందనగా ఆ ఊరి కుర్రాడు కొట్టిన బంతి పైవాసానికి తగిలి కిందికి దిగింది. నేను సూటిగానే నిలబడి ఉన్నాను. బంతి గీత మీద పడింది. సున్నం చిట్లి నా చెప్పుల మీద పడింది. జానెడు పైకి లేచేసరికి గోలు కాసే కుర్రాడు దాన్ని తోసేశాడు. డ్రిల్లు మాస్టారు నా వైపు చూశారు, నేను తల అడ్డంగా ఊపాను. ఆయన గోలు కాదని చెయ్యి ఊపారు. గట్ల మీద జనం ఒక్కసారిగా చేలోకి దిగారు.

ఆ ఊరి పెద్దలకి కొత్తగా ఓ ధైర్యం ఉంది. పెళ్ళిళ్ళకి వీడియో తీసే అతన్ని ఆ రోజు బల్ల ఎక్కించి ఆట తీయిస్తున్నారు. "మనిషి కంటే మిషను నయం, చూద్దాం రండి" అని చేను పక్కింటి అరుగు మీదికి టీవీ తెచ్చి, కెమెరా వైరు దానికి తగిలించారు. డ్రిల్లు మాస్టారు రాలేదు. "నేను చూసేనండి" అని చేలోనే నిలబడిపోయారు. టీవీలో బొమ్మని ఆపారు. వణికే గీతల మధ్య బంతి గోలు లోపలే ఉంది. జనం కేక పెట్టారు.

ఎందుకలా ఉందో నాకు చూడగానే తెలిసింది. కెమెరా గీతకి సూటిగా లేదు, ఇరవై అడుగులు ఇవతల, మైదానం వైపు, ఎత్తు మీద ఉంది. అక్కణ్ణించి చూస్తే, నేల విడిచి లేచిన బంతి గీతకి అవతల ఉన్నట్టే కనిపిస్తుంది. ఒక సుద్దముక్క ఇస్తే రెండు నిమిషాల్లో చెప్పగలను. ఊరి పెద్ద నా భుజం మీద చెయ్యి వేశాడు.

"సైన్సు మాస్టారూ, మీరు చదువుకున్నోరు. గీత కాడే ఉన్నారు. టీవీలో ఉన్నది తప్పంటారాండీ?"

ఆ చెయ్యి బరువు నాకు ఇప్పటికీ తెలుస్తుంది. "టీవీలో కనిపిస్తోంది కదండీ మరి" అన్నాను.

అంతే. అబద్ధం ఆడలేదని చాలా ఏళ్ళు సర్దిచెప్పుకున్నాను. పిరికివాడు అబద్ధం ఆడడు, మాటని సగంలో వదిలేస్తాడు.

గోలు ఇచ్చేసుకున్నారు. అమ్ముడుపోయాడని ఆయన్ని నానా మాటలూ అన్నారు. ఆయన విజిలు జేబులో వేసుకుని రేవు వైపు నడిచారు. వెనకాలే నలుగురు మనుషులు లేచారు. నేను కూడా కదిలాను. "మీరు ఆగండి, కాఫీ తాగి వెళ్దురుగాని" అన్నాడు పెద్ద. నేను ఆగాను. కాఫీలో పంచదార ఎక్కువైందని కూడా అనుకున్నాను. సిగ్గు లేదు మనిషికి!

మర్నాడు ఆయన స్కూలుకి వచ్చారు. మెడలో విజిలు లేదు. ఆ రోజు నుంచి డ్రిల్లంతా చప్పట్లతో చేయించారు. మళ్ళీ ఏ ఆటకీ రిఫరీగా వెళ్ళలేదు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఎప్పటిలాగే "టీ తాగుదారి రండి మాస్టారండీ" అని పిలిచేవారు. ఆ మర్యాదకి తట్టుకోలేక వేసవి సెలవుల్లో అమలాపురం వైపు బదిలీ చేయించుకున్నాను.

ఆయన రిటైరయ్యాక పింఛను పని మీద అమలాపురం వచ్చినప్పుడు ఓసారి మా ఇంటికొచ్చారు. ఏదో మాట్లాడాలి కదా అని, ఫుట్‌బాల్‌లో చిప్ పెట్టి, బంతి గీత దాటగానే రిఫరీ చేతి గడియారం మోగేలా విదేశాల్లో పరీక్షలు చేస్తున్నారన్న పేపరు ముక్క చూపించాను. అది ఇంకా నమ్మకంగా పనిచెయ్యడం లేదట అని కూడా చెప్పాను. కళ్ళజోడు పెట్టుకుని ఓపిగ్గా చదివారు. మడత పెట్టి నాకు తిరిగి ఇచ్చారు.

"మంచిదేనండి. దానికి ఆట అయ్యేక పంటు ఎక్కే పని ఉండదు."

నవ్వుతూనే అన్నారు. ఆ పంటు మీద ఏం జరిగిందండీ అని అడగడానికి నాకు నోరు రాలేదు.

కబురొచ్చిన ఆ ఉదయం పూలదండ పట్టుకుని రేవుకి వెళ్ళాను. ఆటు మొదలై నీళ్ళు వెనక్కి తీస్తున్నాయి. పంటు మీద పాతికమంది ఉన్నారు. సరంగు నన్ను ఇంజను పక్కనే నిలబెట్టుకున్నాడు. ఏటి మధ్యకి వచ్చాక ఇంజను ఆపేశాడు.

"ఇక్కడేనండి" అన్నాడు. "ఆ రోజు ఆ నలుగురూ నాచేత ఇక్కడే ఆపించేరు. గోలేనని ఒప్పుకో, ఒడ్డుకి పోదువు అన్నారు. ఆయన కాదన్నారు. ఆళ్ళు ఆయన జేబులో విజిలు లాగి ఏట్లో ఇసిరేసేరు. ఈసారి నిన్నే ఇసిరేస్తాం అన్నారు. అయినా కాదనే అన్నారండి. 'గీత కాడ సైన్సు మాస్టారున్నారు. ఇవాళ జడిసేరు గానీ, చూసేరు. ఏదో ఓనాటికి చెబుతారు' అన్నారు. ఈలోగా ఆటుకి పంటు సముద్రం వైపు జారతంటే, ఆళ్ళే జడిసి ఇంజను వెయ్యమన్నారు. లేకపోతే..."

సరంగు తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "'నేను పోయిన రోజున సైన్సు మాస్టార్ని పంటు మీదే తీసుకురా' అని మీ నంబరిచ్చేరండి ఆయన" అన్నాడు.

ఇంజను చప్పుడు లేకపోయేసరికి అందరూ మా వైపు తిరిగారు.

"అది గోలు కాదు" అన్నాను. మళ్ళీ గట్టిగా అన్నాను. "బంతి గీత మీదే పడింది. నేను చూశాను. డ్రిల్లు మాస్టారు చెప్పిందే నిజం."

"ఆయ్" అన్నాడు సరంగు.

కొబ్బరి గెలల పక్కన కూర్చున్న ఓ ముసలాయన నన్ను ఎగాదిగా చూసి, "ఇప్పుడాండీ?" అన్నాడు.

అవతలి రేవులో, ఆయన్ని తీసుకెళ్ళడానికి చేరిన జనం తెల్లగా కనిపిస్తున్నారు. సరంగు ఇంకా ఇంజను వెయ్యలేదు. పంటు మెల్లగా, చప్పుడు లేకుండా, సముద్రం వైపు జారుతోంది.