వేలు పెట్టి చదవడం

నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. ఇది కరోనా మొదటి ఏడు సంగతి.

మెట్టుగూడలో పట్టాల పక్క సందు మాది. మేడ మీద ఒక గది, ఓ మూలకు వంటిల్లు. అందులో నేనూ, నా కూతురి ఇద్దరు ఆడపిల్లలూ. పెద్దది ఒకటో తరగతి, చిన్నదానికి ఇంకా బడి లేదు. కూతురు దవాఖానాలో ఆయా. కరోనా వార్డులో డ్యూటీ పడిందని అక్కడే ఉంచేశారు. అల్లుడు లారీతో పాటు ఎక్కడో చిక్కుబడ్డాడు. నా పెనిమిటి పోయి అప్పటికే కొన్నేళ్లు. ఆయనకు చదువొచ్చు. ఆయనే ఉంటే ఈ గొడవ నా దాకా వచ్చేది కాదు.

కింద ఉండే ఇంటామె గేటుకు తాళం వేసింది.

"మీ బిడ్డ దవాఖాన్ల చేస్తది గద పెద్దమ్మా, జెర మీరు కిందికి దిగకుండ్రి. పాలు, కూరగాయలు మెట్ల మీద పెడ్త," అంది.

మాట మెత్తగానే ఉంది, తాళం మాత్రం ఇంత లావు. అంతకు ముందు రైళ్ల మోతను తిట్టుకునేదాన్ని. అవి కూడా ఆగిపోయాక చెవులు గుయ్యిమన్నాయి.

బడి ఫోనులోకి వచ్చింది. ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి పెడితే టీచరమ్మ మొహం కనబడేది, మాట తెగి తెగి వినబడేది. చిన్నది ఫోను గుంజేది. పెద్దది అరిచేది. నేను ఇద్దరినీ కొట్టేదాన్ని. కొట్టి ఎక్కడికి పోను? ముగ్గురం ఆ గదిలోనే కూర్చుని ఏడ్చేవాళ్లం.

ఒకరోజు టీచరమ్మ, శనివారం ఒక్కొక్కరి చేత పాఠం చదివిస్తానంది. చదవలేని పిల్లలు మళ్లీ ఒకటిలోనే కూర్చోవాలట. కూతురికి ఫోన్లో ఆ మాట చెప్పాను.

"అమ్మా, ఏడో తరగతిల ఆగిపోయినందుకే నేను గీ బెడ్‌పాన్లు మోస్తున్న. నా బిడ్డ ఆగొద్దు. నీ కాళ్లు మొక్కుత," అంది.

చదవడమంటే నాకు తెలిసింది ఒక్కటే. చర్చిలో పాటల పుస్తకం తెరుస్తాం. పక్కామె ఏ పేజీ తీస్తే నేనూ ఆ పేజీ తీస్తాను. పాట చిన్నప్పటి నుంచీ నోట్లో ఉన్నదే. వరుసల కింద వేలు నడిపిస్తూ పాడతాను. నా ఈడు ఆడవాళ్లం చాలామందిమి అంతే. అది చదువు కాదని మాకెవరూ చెప్పలేదు.

పిల్లకూ అదే నేర్పాను. పాఠం మీద బొమ్మ ఉంది. వాన, గొడుగు పట్టుకున్న అవ్వ, చూరు కింద కోడి. అక్షరాలు ఒకటీ అరా గుర్తుపడతాను గానీ, అన్నీ కలిసి కూర్చుంటే నాకు చీమల బారే. అందుకని బొమ్మ చూసి చెప్పాను. కోడి తడిసింది. అవ్వ గొడుగు తెచ్చింది. కోడిని ఇంట్లోకి తోలింది. కోడి గుడ్డు పెట్టింది.

"గుడ్డు ఏది అమ్మమ్మా? బొమ్మల లేదు గద."

"రాతల ఉంటదే. నోరు మూసుకోని చదువు."

శుక్రవారానికల్లా పిల్ల వేలు నడిపిస్తూ, ఎక్కడా తడబడకుండా అప్పజెప్పింది. నాకు ప్రాణం కుదుటపడింది.

శనివారం టీచరమ్మ రెండు ముక్కలు విని ఆపింది.

"ఆగు బిడ్డా, కోడి ఏడికెల్లి వచ్చింది? మూడో లైను చదువు."

"మొదటి నుంచి చెప్తనే వస్తది టీచర్," అని పిల్ల మళ్లీ కోడి తడిసింది అని అందుకుంది.

"గట్ల కాదు. నీ వేలు కింద ఉన్న మాట ఒక్కటి చెప్పు."

"నడుమల ఆపితే మర్చిపోత టీచర్. మా అమ్మమ్మకు సుత గంతే."

టీచరమ్మ నన్ను పిలిచింది.

"అమ్మా, మీకు చదువొస్తదా?"

"వస్తది టీచరమ్మా. పాటల పుస్తకం మొత్తం వస్తది."

ఆమె తన పుస్తకంలోని బొమ్మను అరచేత్తో మూసి చూపించింది.

"ఎన్నడన్న బొమ్మ మూసి చదివిన్రా?"

"బొమ్మ మూస్తే ఏం చూసి చదవాలె టీచరమ్మా?"

ఆమె నవ్వలేదు. "నెల రోజులు ఆగుత. దినాం కొన్ని అక్షరాలు, మాటలు ఫొటో తీసి, అవే పలికి వాయిస్‌ల పంపుత. పొల్ల వేలు ఆ మాట మీదనే ఉండాలె. దండం పెడ్త, మీరు మాత్రం కథ చెప్పకుండ్రి," అంది.

ఆ నెల నాకు గేటు తాళం కన్నా నోటి తాళమే ఎక్కువ బిగుసుకుంది. బొమ్మ మీద పాత క్యాలెండర్ ముక్క కప్పాం. పిల్ల ఒక అక్షరం అని ఆగేది, నా మొహం చూసేది.

"తర్వాత ఏంది అమ్మమ్మా?"

"నాకు తెల్వదు బిడ్డా."

"నీకు తెల్సు! చెప్తలేవు!"

పుస్తకం విసిరేది. తల నేలకేసి కొట్టుకునేది. కాసేపు బయట ఆడుకోమందామంటే తలుపు అవతల మెట్లు, మెట్ల కింద గేటు. నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని నిలబడేదాన్ని. కథ చెప్పేస్తానేమోనని భయం.

నెల తిరిగాక టీచరమ్మ మళ్లీ ఫోను చేసింది. పిల్ల వేలు పెట్టింది. "వా... న. వాన... వ... చ్చిం... ది." కోడీ లేదు, గుడ్డూ లేదు. ముక్కుతూ మూలుగుతూ ఒక్కో మాటా లాగింది. ఆ పాఠంలో ఉన్నది ఇంత చప్పటి సంగతా అనుకున్నాను. టీచరమ్మ మధ్యలో ఆపి, కింది వరుస చూపించమంది. పిల్ల వేలు కిందికి జరిగి, అక్కడి నుంచే అందుకుంది.

"ఇగ పరేషాన్ గాకుండ్రి అమ్మా. రెండోదాన్లకు పోతది," అంది టీచరమ్మ.

ఫోను పెట్టేసి చూస్తే పిల్ల పక్కన లేదు. తలుపు దగ్గర ఉంది. బడి సంచీ భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుంటోంది.

"రెండో క్లాసు ఏడుంటది అమ్మమ్మా?"

"గీడనే బిడ్డా."

"గీ రూములనేనా?"

"గీ రూములనే."

"గీ ఫోన్లనే?"

"ఆఁ."

అది సంచీ దించలేదు. చెప్పులతో అలాగే చాలాసేపు తలుపు దగ్గర నిలబడింది.